ఇసుక రాని తీరం

ఉప్పాడలో వయసు మళ్లినవారిని మీ ఇల్లెక్కడండీ అని అడిగితే రెండు చోట్లు చూపిస్తారు. ఒకటి ఇప్పుడుంటున్నది. రెండోది చూపించడానికి సముద్రం వైపు తిరుగుతారు. కెరటం విరిగే చోటికి చెయ్యి చాచి, అదిగో, ఇంకాస్త అవతల, మా నాన్న కట్టిన ఇల్లు అంటారు. ఇరుగు పొరుగు ఎవరో, గుడి ఎటువైపు ఉండేదో, పెళ్లి పందిరి ఏ ఖాళీ జాగాలో వేసేవారో వరసగా చెప్పుకొస్తారు. వింటున్నవాడికి కనిపించేది నీళ్లే. చెబుతున్నవాళ్లకు అక్కడింకా ఒక ఊరుంది.

కాకినాడ నుంచి ఉత్తరంగా సముద్రం ఒడ్డునే సాగే బీచ్ రోడ్డు మీద ఈ ఊరుంది. పాత తూర్పు గోదావరి జిల్లా, 2022 నుంచి కాకినాడ జిల్లా, యు.కొత్తపల్లి మండలం. ఉప్పాడ పేరు వినగానే బయటివాళ్లకు జాందానీ చీర గుర్తొస్తుంది. ఆ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఒకే ఊళ్లో ఒక వీధిలో మగ్గం, ఒక వీధిలో వల. మగ్గం గురించి చాలామంది రాశారు. ఈ కథనం వల వీధి గురించి. ఉప్పాడతో పాటు సూరాడపేట, జగ్గరాజుపేట, మాయాపట్నం, సుబ్బంపేట, కోనపాపపేట దాకా తీరం పొడవునా ఉన్న మత్స్యకార పేటలన్నిటిదీ ఇదే గోడు.

వేట రోజుల్లో ఈ పేటలు రాత్రి మూడో జాము నుంచే మేలుకుంటాయి. ఫైబర్ బోట్లు చీకట్లో నీళ్లలోకి దిగుతాయి. పొద్దెక్కాక బోటు వచ్చే వేళకు ఆడవాళ్లు తట్టలతో ఒడ్డుకు చేరతారు, సరుకు పాటకు పెడతారు, ఒక గంట సేపు కేకలతో ఒడ్డు హోరెత్తుతుంది. ఆ తర్వాత అంతా సద్దుమణుగుతుంది. మగవాళ్లు నీడన కూర్చుని వలల చిరుగులు కట్టుకుంటారు. పెద్ద ముసలమ్మలు నెత్తళ్లు ఆరబోసి కాకుల్ని తోలుతుంటారు. ఆ సమయంలో వచ్చిన కొత్తవాడికి ఇది బహు ప్రశాంతమైన ఊరనిపిస్తుంది. అమావాస్యకో పౌర్ణమికో వస్తే సంగతి తెలుస్తుంది. పోటు మీద గాలి కూడా తోడైతే కెరటం రోడ్డు మీద పడ్డ రాళ్లను దాటి ఇళ్ల గోడల్ని కొడుతుంది. తుఫాను హెచ్చరిక వస్తే కాకినాడ-ఉప్పాడ రోడ్డు మూసేసి బళ్లను పిఠాపురం మీదుగా మళ్లిస్తారు. 2018 డిసెంబరులో పెథాయ్ వచ్చినప్పుడూ అంతే, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తీరం దాటినప్పుడూ అంతే. ఆ రోడ్డును సముద్రం ఎన్నిసార్లు కోసిందో, ఎన్నిసార్లు పూడ్చారో ఊళ్లోవాళ్లు లెక్క పెట్టడం మానేశారు.

బంగారం సంగతి ఇక్కడే చెప్పాలి. పెద్ద తుఫాను వెళ్లిపోయాక ఉప్పాడ, సూరాడపేట ఒడ్డున జనం చేరి ఇసుక జల్లించడం చాలాసార్లు పత్రికల్లో వచ్చింది. 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత టీవీ ఛానళ్లు వరసకట్టి వచ్చి సముద్రంలో బంగారం దొరుకుతోందని చూపించాయి. చిన్న చిన్న పూసలు, రేకు ముక్కలు, ఎప్పుడైనా ఒక పాత నాణెం. చూసినవాళ్లు ఎంత అదృష్టమో అనుకున్నారు. ఊరివాళ్లకు ఆ బంగారం ఎక్కడిదో తెలుసు. ఇళ్లకు, గుళ్లకు శంకుస్థాపన చేసేటప్పుడు పునాదిలో పిసరంత బంగారం వేయడం మనకు ఆచారం. ఆ ఇళ్లు, ఆ గుళ్లు, ఒకప్పటి బంగళాలు నీళ్ల కింద కరిగిపోతూ పునాదుల్లో దాచుకున్నదాన్ని కొంచెం కొంచెంగా వదులుతున్నాయి. అమ్మమ్మ పుస్తెల్లోని పూసో, తాత గుమ్మం కింద పెట్టిన రేకో మనవడి జల్లెడలో పడుతోంది. దాన్ని నిధి అని ఎవరైనా అంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

సముద్రం ఎందుకిలా లోపలికొస్తోంది? ఊళ్లో కొందరు గంగమ్మ తల్లికి కోపమొచ్చిందంటారు. చదువుకున్నవాళ్లు వాతావరణ మార్పు అని ఒక్క మాటతో తేల్చేస్తారు. సముద్ర మట్టం పెరుగుతున్న మాట నిజమే, తుఫానుల తీవ్రత పెరుగుతున్న మాటా నిజమే. కానీ కారణమంతా ఆకాశం మీదికి నెట్టేస్తే, కింద నేల మీద మనుషులు చేసినవి కనపడకుండా పోతాయి.

మన తూర్పు తీరానికి ఇసుకే గోడ. ఆ ఇసుకను తెచ్చేది నది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి వస్తూ తెచ్చిన ఒండ్రుమట్టితో, ఇసుకతో డెల్టా కట్టింది, సముద్రాన్ని వెనక్కి నెట్టింది. నది తెచ్చిన ఇసుకను నైరుతి గాలుల కాలంలో కెరటాలు ఉత్తరానికి మోస్తాయి, ఈశాన్య గాలుల కాలంలో కొంత దక్షిణానికి తిప్పి తెస్తాయి. మొత్తం మీద ఏడాది చివరికి లెక్క చూస్తే ఇసుక ప్రయాణం ఉత్తర దిక్కుకే. ఒడ్డు నుంచి కెరటం తీసుకున్నంత ఇసుక దక్షిణం నుంచి వచ్చి చేరుతుంటే తీరం నిలబడుతుంది. రాక తగ్గితే, వచ్చే కెరటం ఒడ్డునే తింటుంది.

ఆ రాక తగ్గింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు హేమమాలిని, నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 1971-79 మధ్య గోదావరి ఏటా సగటున సుమారు 14.5 కోట్ల టన్నుల మట్టిని దిగువకు తెచ్చేది. 1990-98 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. రెండు దశాబ్దాల్లో సగానికి పైగా మాయం. అది ఎక్కడికీ పోలేదు, ఎగువన కట్టిన జలాశయాల అడుగున పేరుకుంది. గోదావరి మీద, మంజీర మీద, మానేరు మీద, సీలేరు మీద ఆనకట్టలు కట్టుకుంటూ వచ్చాం. ఆ నీళ్లతో పొలాలు పండాయి, దీపాలు వెలిగాయి, ఎవరూ కాదనలేరు. 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఈ జిల్లా అన్నం తింటున్నది గోదావరి నీటితోనే. అయితే నీళ్లు పంచుకున్నప్పుడు మట్టిని ఎవరూ పంపకంలో పెట్టలేదు. అంతర్రాష్ట్ర జల వివాదాల్లో ఎన్ని టీఎంసీలు ఎవరివో అంకెలతో సహా తేల్చుకున్నాం. ఏట్లోకి రావాల్సిన ఇసుకలో తీరానికి ఎంత వాటా అని అడిగినవాడు లేడు.

నది సంగతి అలా ఉంటే, ఒడ్డు పొడవునా జరిగే ప్రయాణానికీ అడ్డాలున్నాయి. గౌతమి పాయ తెచ్చిన ఇసుకతోనే కాకినాడ ఎదురుగా హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక దిబ్బ ఏర్పడింది. అది కాకినాడ అఖాతానికి అడ్డుగా నిలిచి ఓడలకు, నగరానికి రక్షణ ఇచ్చింది. ఆ నీడ ఉప్పాడ దాకా రాదు. దిబ్బ కొసను చుట్టి మళ్లిన కెరటాలు అఖాతానికి ఉత్తరపు అంచున ఉన్న ఈ తీరం మీదే తమ బలమంతా చూపిస్తున్నాయని తీరాన్ని అధ్యయనం చేసినవారు చెబుతారు. దానికి తోడు 1997లో కాకినాడ లోతు నీటి ఓడరేవు మొదలైంది. ఓడలు లోపలికి రావాలంటే అలల్ని ఆపే అడ్డుగోడ కావాలి, కాలువ తవ్వుతూనే ఉండాలి. ఆ గోడ దగ్గర ఆగిన ఇసుకా, ఆ కాలువలో పడ్డ ఇసుకా ఉత్తరానికి చేరవు. ఉత్తరాన ఉన్నది ఉప్పాడ.

ఇదంతా కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. దేశ తీరాన్ని 1990 నుంచి 2018 దాకా ఉపగ్రహ చిత్రాలతో కొలిచిన జాతీయ తీర పరిశోధన కేంద్రం ఆంధ్ర తీరంలో సుమారు 28.7 శాతం కోతకు గురవుతోందని తేల్చింది. దేశం మొత్తానికి ఆ లెక్క దాదాపు 33.6 శాతం. ఆ శాతాల్లో ఉప్పాడ ఒక చిన్న గీత. ఆ గీత మీద బతుకుతున్నవాళ్లకు అదే లోకం.

మరి కాపాడటానికి ఏం చేశారు? ముందు రోడ్డు పక్కన బండరాళ్లు పోశారు. తర్వాత 2010 ప్రాంతంలో జియో ట్యూబ్ వేశారు, అంటే గట్టి నేత గొట్టంలో ఇసుక నింపి ఒడ్డు పొడవునా పరిచి, దాని మీద రాళ్లు పేర్చడం. కొన్నేళ్లు ఆగింది. తర్వాత కెరటం తాకిడికి చిరిగింది, నేత బయటపడింది, లోపలి ఇసుక కారిపోయింది, రాళ్లు దొర్లి నీళ్లలో పడ్డాయి. మళ్లీ రాళ్లు తెచ్చి పోశారు. ప్రతి తుఫానుకూ ఇదే వరస. మంత్రులు వస్తారు, ఒడ్డున నిలబడి ఫొటోలు దిగుతారు, శాశ్వత పరిష్కారం అంటారు. 2024 ఎన్నికల్లో పిఠాపురం నుంచి గెలిచి ఉపముఖ్యమంత్రి అయిన పవన్ కల్యాణ్ ఆ ఏడాదే జులైలో వచ్చి కోతను చూశారు. రాష్ట్రంలో రెండో పెద్ద పదవిలో ఉన్నవారి నియోజకవర్గమిది. ఇంతకంటే బలమైన గొంతు ఈ ఊరికి మళ్లీ దొరకదన్న ఆశతో ఉన్నారు ఇక్కడివాళ్లు. ఆ ఆశను వమ్ము చేయకూడదు.

రాతి గోడ గురించి ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి, ఎందుకంటే ఊళ్లోవాళ్లు కూడా ముందు అడిగేది గోడనే. ఇల్లు పడిపోబోతున్నవాడు రాళ్లు అడుగుతాడు, అది అతని హక్కు. కానీ రాయి ఇసుకను తేదు. రాతికి తగిలిన కెరటం వెనక్కి మళ్లేటప్పుడు గోడ కిందున్న ఇసుకను గీకి పట్టుకుపోతుంది, గోడ ముందు ఒడ్డు దిగబడుతుంది. గోడ ఎక్కడ ఆగిపోతుందో దానికి అవతల కోత ఎక్కువవుతుంది. ఉప్పాడను గోడతో కాపాడితే సుబ్బంపేట, కోనపాపపేట వైపు సముద్రం కన్నేస్తుంది. అప్పుడు వాళ్లూ గోడ అడుగుతారు. తూర్పు తీరంలో పుదుచ్చేరి అనుభవం ఇదే. అక్కడ ఓడరేవు గోడ వల్ల ఉత్తరాన బీచ్ మొత్తం పోయింది, నగరం ముందు రాళ్లు పోసుకుంటూ పోతే కోత ఇంకా ఉత్తరాన ఉన్న మత్స్యకార గ్రామాల మీద పడింది.

గోడ నిలబడ్డా మత్స్యకారుడికి పోయేది ఒడ్డు. ఈ మాట ఇంజనీర్ల నివేదికల్లో సరిగా పడదు, అందుకే వివరంగా చెబుతున్నాను. రైతుకు పొలం ఎంతో వేటగాడికి ఇసుక తిన్నె అంత. బోటు నీళ్లలోంచి లాగి పెట్టేది దాని మీద. వల పరిచి ఆరబెట్టేది, చిరుగు కట్టేది దాని మీద. ఎక్కువ పడి ధర పలకని రోజున కవళ్లూ నెత్తళ్లూ ఎండబెట్టి రేపటికి దాచుకునేది దాని మీద. అలివి వల లాగాలంటే రెండు వైపులా పదుల కొద్దీ మనుషులు నిలబడి వెనక్కి నడవాలి. నడవడానికి ఒడ్డే లేకపోతే ఆ వేట పోయినట్టే. బోటు కొనలేని బీదవాళ్లు, వయసు మీరినవాళ్లు, ఆడవాళ్లు చెయ్యి వేసి పూటకింత చేప తెచ్చుకునే వేట అది. బోట్లున్నవాళ్లు రాళ్ల మధ్య నిలపలేక, కెరటానికి బోటు రాతిని కొట్టుకుని పగిలితే భరించలేక, కాకినాడలో కుంభాభిషేకం రేవుకో మరో చోటికో తీసుకుపోతారు. దాంతో సరుకు ఊళ్లో దిగదు. ఊళ్లో దిగకపోతే తట్ట పట్టుకుని ఎదురుచూసే ఆడవాళ్లకు పని లేదు. రేవులో పాట పెద్ద వ్యాపారులది. అక్కడికి ఆటో చార్జీ పెట్టుకుని పోయి, వాళ్లతో పోటీపడి నాలుగు కానాగంతలు కొనుక్కుని, తిరిగి వచ్చి ఊళ్లల్లో తిరిగి అమ్మితే మిగిలేదెంత?

ఇల్లు పోయినవాళ్లకు వేరే చోట స్థలం ఇస్తామనే మాట ఎప్పుడూ ఉంటుంది, కొందరికి ఇచ్చారు కూడా. చేపల మనిషి సముద్రానికి దూరంగా ఎందుకు ఉండలేడో బయటివాళ్లకు అర్థం కాదు. ఇల్లు ఎక్కడైతేనేం, పొద్దున్నే వచ్చి వేటకు పోవచ్చుగా అంటారు. వేట ఎప్పుడన్నది ఆఫీసు వేళల్ని బట్టి ఉండదు. గాలి ఎటు తిరిగిందో, నీటి రంగు మారిందా, చేప పైకి తేలుతోందా అన్నది ఒడ్డున ఉన్నవాడికే తెలుస్తుంది. రాత్రి గాలి లేస్తే బోటును పైకి లాగడానికి పది చేతులు అప్పటికప్పుడు కావాలి. లక్షల రూపాయల ఇంజనూ వలలూ ఒడ్డున వదిలి రెండు మైళ్ల అవతల నిద్ర పట్టదు. అందుకే స్థలం ఇచ్చినా చాలామంది ఒడ్డునే ఒక పాక వేసుకుని ఉంటారు. మళ్లీ సముద్రం వస్తుంది, పాక పోతుంది.

ఇందులో చట్టం పెట్టే చిక్కొకటుంది. తీర నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం పోటు వేళ నీరు చేరే గీత నుంచి కొలుచుకుని కట్టడాల నిషేధం మొదలవుతుంది. 2019 నోటిఫికేషన్‌లో జన సాంద్రత ఎక్కువున్న పల్లెలకు 50 మీటర్లు, మిగతా పల్లెలకు 200 మీటర్లు. సముద్రం లోపలికి జరిగితే ఆ గీత కూడా లోపలికి జరుగుతుంది. నిన్నటిదాకా గీతకు ఇవతల ఉన్న ఇల్లు ఇవాళ నిషేధం కిందికి వస్తుంది. మనిషి కదల్లేదు, ఇల్లు కదల్లేదు. నీరు కదిలినందుకు వాళ్లకు కొత్త గోడ కట్టుకోవడం కూడా ఇబ్బందవుతుంది.

పరిహారం సంగతి ఇంకా బాధ. తుఫానులో ఇల్లు కూలితే లెక్క రాస్తారు, ఎంతో కొంత ఇస్తారు. మామూలు అమావాస్య పోటుకు గోడ కింద ఇసుక జారి ఇల్లు ఒరిగిపోతే అది విపత్తు కాదు. కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో తుఫాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్లు, కొండచరియలు విరగడం, ఆఖరికి చీడపీడలు, చలిగాలులు కూడా ఉన్నాయి. తీరం కోత లేదు. ఒక్క రాత్రిలో వచ్చే నష్టానికి పేరుంది, ముప్పై ఏళ్లుగా రోజూ జరిగే నష్టానికి పేరు లేదు. 15వ ఆర్థిక సంఘం ఈ లోటును గమనించింది. 2021 నుంచి 2026 కాలానికి, నది కోతా తీరం కోతా కలిపి, నిర్వాసితుల పునరావాసానికి 1,500 కోట్ల రూపాయలు, కోత నివారణ పనులకు 1,000 కోట్లు కేటాయించాలని సిఫారసు చేసింది. దేశమంతటికీ కలిపి అది పెద్ద మొత్తం కాదు. అయినా కోత వల్ల ఊరు విడిచినవాళ్లు నిర్వాసితులేనని ఒక రాజ్యాంగ సంస్థ ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అలాంటి పద్దులోంచి ఉప్పాడకు రావాల్సింది రాబట్టడం రాష్ట్రం పని.

బతుకు మీద దెబ్బలు కోతతో ఆగలేదు. చుట్టుపక్కల మందుల పరిశ్రమలు సముద్రంలోకి వదిలే వ్యర్థాల వల్ల తీరం దగ్గర చేప చచ్చిపోతోందని, దూరం పోతే తప్ప పడటం లేదని మత్స్యకారులు 2025 సెప్టెంబరులో ఉప్పాడలో రోడ్డు మీద బైఠాయించారు. దూరం పోవడమంటే డీజిలు. డీజిలు, ఐసు, వల మరమ్మతు ఖర్చులు పోగా మిగిలినదే బోటు యజమానికీ కళాసీలకూ వాటాలవుతుంది. ఖర్చే రాని రోజున వాటా సున్నా, పెట్టుబడి పెట్టిన వ్యాపారికి అప్పు మాత్రం పెరుగుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు బోట్ల వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది అవసరమే, మత్స్యకారులే ఒప్పుకుంటారు. ఆ కాలానికిచ్చే భృతిని 2025లో ప్రభుత్వం 20,000 రూపాయలకు పెంచింది. మంచి పనే. ఆ డబ్బు రెండు నెలల తిండికి వస్తుంది. పోయిన ఒడ్డుకు రాదు.

ఉప్పాడలో ఫిషింగ్ హార్బర్ ఒకటి కడుతున్నారు. జువ్వలదిన్నె, నిజాంపట్నం, మచిలీపట్నంతో పాటు మొదటి విడతలో ఎంచుకున్న నాలుగింటిలో ఇదొకటి. బోటుకు నిలకడ దొరుకుతుంది, సరుకు ఊళ్లోనే దిగుతుంది, ఆడవాళ్లకు పాట మళ్లీ దగ్గరవుతుంది. త్వరగా పూర్తి కావాలని నేనూ కోరుకుంటాను. కానీ హార్బరుకూ అడ్డుగోడలుంటాయి. ఆ గోడలూ ఇసుకను ఆపుతాయి. కాకినాడ ఓడరేవు ఉప్పాడకు చేసినదే ఉప్పాడ హార్బరు ఉత్తరాన ఉన్న పేటలకు చేయకూడదంటే, కట్టడంతో పాటే ఇసుకను అవతలికి దాటించే ఏర్పాటు కూడా ఉండాలి.

ఆ ఏర్పాటు మనకు తెలియనిది కాదు. విశాఖపట్నం ఓడరేవు దగ్గర కాలువలో తవ్విన ఇసుకను ఏళ్ల తరబడి గొట్టాలతో రామకృష్ణా బీచ్‌కి కొడుతున్నారు. విశాఖవాసులు సాయంత్రం పల్లీలు తింటూ నడిచే ఇసుకలో చాలా భాగం అలా వచ్చినదే. పుదుచ్చేరిలో 2018-19లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీటి అడుగున ఒక దిబ్బ లాంటి కట్టడం దించి, ఇసుక పోసి, పోయిన బీచ్‌ని కొంత మేరకు తిరిగి తెచ్చింది. ఒక నగరానికి షికారు కోసం చేసిన పనిని ఒక ఊరికి బతుకు కోసం చేయమని అడగడంలో అత్యాశ ఏముంది? కాకినాడ ఓడరేవు కాలువలో తవ్వే ఇసుక ఉప్పాడ ముందు పడాలి, ఏటా పడాలి. ఇది ఒకసారి గోడ కట్టి కొబ్బరికాయ కొట్టి వెళ్లిపోయే పని కాదు, ఓడరేవు నడిచినన్నాళ్లూ నడవాల్సిన పని. అందుకే ఆ ఖర్చు ఓడరేవు ఖర్చులోనే ఉండాలి. ఓడ వల్ల లాభం పొందేవారు ఇసుక పోగొట్టుకున్నవారికి ఇసుకే తిరిగి ఇవ్వాలి.

అంతకంటే ముందు, ఇసుకా రాళ్లూ అక్కర్లేని పని ఒకటుంది. పోయిన ఊరి లెక్క. ఏ పేటలో ఎన్ని ఇళ్లు, ఏ ఏడాది, ఎవరెవరివి, పట్టా ఉందా, తర్వాత ఎక్కడికి చేరారు, ఏమైనా అందిందా అన్నది ఇంటింటికీ అడిగి ఒకచోట రాయాలి. రేపు ఏ పద్దు కింద పునరావాసం ఇవ్వాలన్నా ముందు అధికారులు అడిగేది ఆ కాగితమే. సముద్రం వైపు చెయ్యి చాచి వీధులూ ఇళ్లూ వరసగా చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటినవాళ్లు. పట్టాలు చాలామందివి ఇంటితో పాటే పోయాయి కాబట్టి వాళ్ల జ్ఞాపకమే సాక్ష్యం. గ్రామ సచివాలయంలో ఒక రిజిస్టరు, సర్వే తెలిసిన ఒక ఉద్యోగి, పాత పటాలు, ఊళ్లోని నలుగురు పెద్దలు ఉంటే మొదలుపెట్టవచ్చు. వచ్చే ఏప్రిల్‌లో వేట నిషేధం మొదలయ్యాక మగవాళ్లంతా ఊళ్లోనే ఉంటారు. గ్రామసభ పెట్టడానికి అంతకంటే అనువైన సమయం లేదు.